బటన్ ఎక్కడుంది?

బస్టాండు సెంటర్లో కట్టిన ఫ్లెక్సీలో ఆవిడ నవ్వుతోందని ఊరంతా అంటోంది. వెళ్ళి చూశాను. నవ్వడం లేదు.

ఫ్లెక్సీ కట్టించింది మా తిరువూరు సేవా క్లబ్బువాళ్ళు. పైన అధ్యక్షులవారి ఫొటో, కింద వరసగా కార్యవర్గం ఫొటోలు, మధ్యలో ఆవిడ. ‘మా క్లబ్బు ప్రోత్సాహంతో వెలుగులోకి వచ్చిన అంధ విద్యావంతురాలికి అశ్రునివాళి’ అని ఎర్ర అక్షరాలు. ఆవిడ ఎవరి ప్రోత్సాహంతోనూ ఎక్కడికీ రాలేదు. తన ముందు ఎవరైనా వెలుగు అనే మాట వాడితే, “ఏం, కరెంటొచ్చిందా?” అని అడిగే మనిషి. బతికుండగా ఆ వాక్యం రాసి ఉంటే, రాసినవాడి షాపు మెట్ల మీద కూర్చుని చెరిపించేదాకా లేచేది కాదు.

పోయినవాళ్ళ గురించి మెత్తగా రాయాలంటారు. ఆవిడ గురించి మెత్తగా రాస్తే అది ఇంకెవరి గురించో రాసినట్టవుతుంది. అందుకని నాకు వచ్చిన కోపం వచ్చినట్టే రాస్తున్నాను.

అప్పట్లో నాకు శాఖా గ్రంథాలయం పక్కనే ఎస్టీడీ బూత్ ఉండేది. ఒక జిరాక్సు మిషను, ఒక గాజు గది, ఎర్ర అంకెల మీటరు. నా చదువు పదో తరగతితో ఆగింది. ఆ తర్వాత నేర్చుకున్నదంతా పక్క గోడ అవతల నేర్చుకున్నదే. విజ్ఞాన సర్వస్వాల బీరువా తాళం ఊళ్ళో నా ఒక్కదాని కోసమే తీసేవారు లైబ్రేరియన్‌గారు. ఇది గొప్పకే చెబుతున్నాను.

ఆవిడ ఒకరోజు ఫోను చేసుకోవడానికి వచ్చింది. చేతిలో మడతకర్ర. బూత్‌కి రెండు మెట్లు. పడిపోతుందేమోనని పరుగెత్తి చెయ్యి పట్టుకున్నాను.

“వదులు,” అంది.

వదిలాను.

“ఇప్పుడు నీ మోచెయ్యి ఇటివ్వు. నేను నిన్ను పట్టుకుంటా. నువ్వు నన్ను పట్టుకోకు. మేకను తోలుకెళ్తున్నావా ఏంటి?”

అదే మొదటి పాఠం. ఆ తర్వాత రోడ్డు దాటించబోయిన కండక్టరుకి, బల్ల చూపించబోయిన పాస్టరుగారికి, పెన్షను ఆఫీసు గుమాస్తాకి అదే పాఠం చెబుతుండగా విన్నాను. ఎవరు చెయ్యి పట్టుకున్నా విదిలించేది. తర్వాత వాళ్ళ మోచెయ్యి తనే పట్టుకునేది. మొదట విదిలించడం చూసినవాళ్ళు పొగరనేవాళ్ళు. తర్వాత పట్టుకోవడం చూసినవాళ్ళు తక్కువ.

రెండో మాట, “చూపించకు, చేతిలో పెట్టు.” కూరగాయల బండి దగ్గర, బట్టల కొట్లో, ఎక్కడైనా అంతే. “ఇదుగోనమ్మా, ఈ రంగు చూడండి” అని కొట్టువాడు అలవాటుగా అంటే, “చూడ్డానికి నువ్వున్నావుగా. నా చేతిలో పెట్టు” అనేది. చేతిలో పెట్టాక బొటనవేలితో వస్తువంతా తడిమేది. అంచులు, మూలలు, అతుకులు. ఆ బొటనవేలు నెమ్మదిగా, ఏదీ వదలకుండా తిరిగేది. నేను పుస్తకం చదివే తీరు అదేనని చాలాసార్లు అనుకున్నాను.

ఫోను చేసుకుని బయటికొచ్చిన ఆరోజు, వెళ్ళకుండా నిలబడింది.

“ఇందాకట్నించీ పేజీలు తిప్పుతున్నావు. ఏం చదువుతున్నావు?”

చెప్పాను.

“ఒక పేరా పైకి చదువు.”

చదివాను. గొంతు పెంచి, తగ్గించి, అవసరమైనచోట వణికించి మరీ చదివాను.

“గొంతు బానే ఉంది,” అంది. “నాటకం ఎక్కువైంది. కామా దగ్గర ఆగు, ఏడుపొచ్చినచోట ఆగకు. రేపు నా సైకాలజీ పుస్తకం తెస్తా.”

అడగలేదు. తెస్తానంది, తెచ్చింది. డిగ్రీ, బీఈడీ అయిపోయి డీఎస్సీకి చదువుతోంది. చుక్కల లిపిలో పోటీ పరీక్షల పుస్తకాలు దొరకవు. వాళ్ళమ్మకి చదువు రాదు. మామిడి కాపు వేళ విస్సన్నపేట తోటల్లోకి, మిగతా రోజుల్లో పత్తి పనికి పోయేది. కనక పుస్తకాన్ని ఎవరో ఒకరు గొంతులోకి దింపాలి. ఆ గొంతు నాదైంది.

ఊళ్ళో బస్సుల హారన్లు వినపడని చోటు ఒక్కటే ఉంది, నా ఎస్టీడీ గాజు గది. అందులో టేపురికార్డరు పెట్టుకుని, తలుపేసుకుని, చెమటలు కక్కుతూ చదివేదాన్ని. ఆవిడ బయట స్టూలు మీద కూర్చుని, అడిగినవాళ్ళకి మాత్రం “లైను మాట్లాడుతోంది, ఆగండి” అని చెప్పేది. గాజు వెనక గంటలు గంటలు పెదాలు కదిలిస్తున్న నన్ను చూసి, ఈ పిల్ల ఎవరితోనో అంతంతసేపు మాట్లాడుతోందని మా వీధిలో కథ పుట్టింది. ఆ సంగతి ఆవిడకి చెబితే, “మాట్లాడేది శిశు వికాసంతో అని చెప్పు. మంచి సంబంధమే,” అంది.

క్యాసెట్లు గుర్తుపట్టడానికి స్టిక్కరు బొట్టుబిళ్ళలు అంటించేది. సైకాలజీకి ఒకటి, బోధనా పద్ధతులకి రెండు, సాంఘికశాస్త్రానికి మూడు. వాళ్ళు చర్చికి వెళ్ళేవాళ్ళు. ఫ్యాన్సీ షాపావిడ బుగ్గలు నొక్కుకుని, “ప్రార్థనకెళ్ళేదానివి, నీకెందుకమ్మా బొట్టుబిళ్ళలు?” అంది నా ఎదురుగానే.

“నాకు కాదండి, సైకాలజీకి. ముత్తయిదువ.”

ఇంకో సంగతి చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఆవిడకి పాట రాదు. రాకపోవడమే కాదు, అక్కర్లేదు. కళ్ళు లేనివాళ్ళంతా పాడతారని ఈ ఊరికో నమ్మకం. చర్చిలో కాయిర్లో నిలబెట్టబోయారు. నెమలి అనే ఊరి తిరనాళ్ళకి పోతున్న షేరాటోలో పక్కన కూర్చున్న పెద్దాయన, “ఒక పాటందుకో తల్లీ, దారి తెలీకుండా పోద్ది” అన్నాడు. “దారి తెలీకపోతే ఎట్టా బాబాయ్, నేను ఎ.కొండూరు అడ్డరోడ్డులో దిగాలి,” అంది. ఆటో అంతా నవ్వింది. దిగాక మాత్రం నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని, “కళ్ళు పోతే గొంతులోకొస్తాయా? ఎవడు చెప్పాడే వీళ్ళకి,” అంది. నా మోచేతి మీద గోళ్ళు దిగాయి.

క్యాసెట్లు ఎండకి సాగేవి. టేపు మిషన్లో చుట్టుకుపోతే పెన్సిలు పెట్టి తిప్పి మళ్ళీ లోపలికి పంపేవాళ్ళం. ఒక పాఠంలో కావాల్సిన ముక్క వెతకడానికి ముందుకీ వెనక్కీ తిప్పుతూ సగం పూట పోయేది. ఆ రోజుల్లోనే ఆవిడ హాస్టలు స్నేహితురాలు విజయవాడనుంచి ఫోనులో చెప్పింది. అగ్గిపెట్టెంత మిషన్లొచ్చాయి, క్యాసెట్లుండవు, పుస్తకాలకి పుస్తకాలే పడతాయి అని. పాటల కోసం అమ్ముతున్నారుగాని పాఠాలకి అంతకంటే గొప్పది లేదంది. నేను గ్రంథాలయంలో పత్రికలన్నీ తిరగేశాను. దేనికి ఎన్ని పాటలు పడతాయో, ఏది ఎన్ని గంటలు మోగుతుందో ముఖస్థం చేశాను. ఇద్దరం బస్సెక్కి విజయవాడ వెళ్ళాం.

షాపులో సేల్స్‌మన్ రెండు రకాలు బల్ల మీద పెట్టాడు. ఒకటి తెల్లది, విదేశీ పేరున్నది, అద్దంలా మెరుస్తోంది. ఇంకోటి నల్లది, లావుపాటిది, పేరెవరూ వినని కంపెనీది.

“ఆవిడకి ఏ రంగు కావాలంటండి?” అన్నాడు నాతో.

“ఆవిడకి చెవుడు లేదయ్యా,” అంది ఆవిడ. “నన్నే అడుగు.”

“సారీ మేడం. ఈ తెల్లది తీసుకోండి మేడం, టాపు. వెయ్యి పాటలు పడతాయి.”

“పాటలొద్దు. పెడగాజీ పడుద్దా?”

అతను నా వంక చూశాడు. నేను పత్రికల్లో చదివిందంతా అతనికంటే ముందు అప్పజెప్పడం మొదలుపెట్టాను. ఆవిడ చెయ్యి ఎత్తి ఆపింది. “ఎన్ని పడతాయన్నది తర్వాత. రెండూ చేతిలో పెట్టు.”

తెల్లదాని మీద బొటనవేలు తిరిగింది. తిరిగింది, మళ్ళీ తిరిగింది. ముందువైపు నున్నటి పలక. మధ్యలో గుండ్రంగా వేలు జరపాలి, జరిపితే తెరమీద పేర్లు కదులుతాయి. ఆ పేర్లు చూసి ఎంచుకోవాలి. మైకు లేదు, గొంతు ఎక్కించుకోవడానికి వీల్లేదు. నల్లదానికి అయిదు బటన్లు, ఒక్కోటి ఒక్కో ఆకారం. రికార్డు బటన్ మీద చిన్న ముల్లంత బొడిపె. ఆపినచోటే మళ్ళీ మొదలవుతుంది. సన్న పెన్సిలు సెల్లు వేస్తే చాలు, తిరువూరు కరెంటుతో పనిలేదు.

“కళ్ళు మూసుకో,” అంది నాతో. “తెల్లదాన్లో రెండో పాట పెట్టు.”

పెట్టలేకపోయాను. ఎక్కడెక్కడికో పోయింది. నల్లదాన్లో రెండుసార్లు తడబడి పెట్టాను.

“తేలింది,” అంది. “చూసేవాళ్ళకి తెల్లది. చేసేవాళ్ళకి నల్లది.”

ఆరోజు కొనే స్తోమత లేక తిరిగొచ్చాం. బస్సులో దారంతా ఆ అయిదు బటన్లనీ తన మోకాలి మీద నొక్కుకుంటూ కూర్చుంది. ఏది ఎక్కడుందో అప్పటికే కంఠతా వచ్చేసింది.

అప్పుడొచ్చారు అధ్యక్షులవారు. క్లబ్బు ఆహ్వానపత్రాలు జిరాక్సు తీయించుకోవడానికి వచ్చి, మా మాటలు విని, “అయ్యో, ఇంత చిన్నదానికి మీరు విజయవాడ దాకా ఎందుకు తల్లీ, మేము లేమా? మన వార్షికోత్సవంలో ఇద్దాం,” అన్నారు.

ఆవిడ ఆనందపడింది. నిజంగా పడింది. అది దాచను. స్టూలు మీంచి లేచి నిలబడి, ఆ నల్ల మిషను పేరు, దాని మీది నంబరు, ఏ షాపులో ఉందో, ఎందుకు అదే కావాలో, బటన్ల సంగతి, మైకు సంగతి, పరీక్ష సంగతి ఆయనకి పూసగుచ్చినట్టు చెప్పింది. నేను పక్కనే ఉన్నాను. ఆయన “సరే తల్లీ, సరే తల్లీ” అంటూ కాగితాల పేజీలు సరిచూసుకుంటున్నారు. వెళ్ళేటప్పుడు నాతో గొంతు తగ్గించి, “పాపం, పాటలు వింటూ కాలక్షేపం చేసుకుంటుంది,” అన్నారు. తగ్గించిన గొంతు ఆవిడకి వినపడదనుకున్నారు.

“పాటలు కాదండీ, పాఠాలు,” అంది ఆవిడ స్టూలు మీంచి. ఆయన అప్పటికే మెట్లు దిగిపోయారు.

వార్షికోత్సవం కల్యాణ మండపంలో. శాలువా, పూలదండ, మైకు. వేదిక మీదికి తీసుకెళ్ళడానికి ఇద్దరు చెరో రెక్కా పట్టుకున్నారు. ఆవిడ విదిలించింది. మోచెయ్యి దొరికేలోపే మళ్ళీ పట్టుకున్నారు. ముందు వరసలో నేనూ వాళ్ళమ్మా కూర్చున్నాం. వాళ్ళమ్మ ఉతికిన చీర కట్టుకొచ్చింది.

అధ్యక్షులవారు మాట్లాడారు. ఈ చెల్లెమ్మ అడిగింది ఏదో చవకరకం, ఊరూ పేరూ లేనిది. మన క్లబ్బు ఇచ్చేటప్పుడు అలాంటిది ఇస్తే ఊరి పరువేం కాను? అందుకని హైదరాబాదునుంచి ప్రత్యేకంగా, అన్నిటికంటే ఖరీదైనది తెప్పించాం. అంతేకాదు, మా అబ్బాయి దాని నిండా భక్తిపాటలు కూడా ఎక్కించాడు. చప్పట్లు.

నాకు అక్కడే తెలిసిపోయింది. లేచి అరవాల్సింది అనిపిస్తుంది ఇప్పటికీ. కాని ఆవిడకి నా అరుపు అక్కర్లేకపోయింది.

మా ఊళ్ళో వేదిక మీద ఇచ్చిన పెట్టెను ఎవరూ వేదిక మీద విప్పరు. కళ్ళకద్దుకుని కిందికి దిగుతారు. ఆవిడ విప్పింది. ఫొటోగ్రాఫరు, “అమ్మా, కొంచెం పైకెత్తి పట్టుకోండి” అన్నాడు. ఎత్తి పట్టుకుంది. బొటనవేలు తిరగడం మొదలైంది. మైకు నోటి ముందే ఉంది.

“బటన్ ఎక్కడుంది?” అంది.

ఫ్లాష్ వెలిగింది.

అధ్యక్షులవారు నవ్వారు. “బటన్లు లేకపోవడమే దీని గొప్పతనం తల్లీ. ఏదీ, ఈ సందర్భంగా ఒక పాట పాడు.”

జనం చప్పట్లు కొట్టారు. ఆవిడ చప్పట్లు ఆగేదాకా ఆగింది.

“నాకు పాట రాదండి,” అంది మైకులో. గొంతు పెంచలేదు. “దీన్ని నేను పని చేయించలేను. తెరమీద రాసింది చూసి చేసుకోవాలి ఇది. నేను చెప్పింది వేరే. పేరు చెప్పాను, నంబరు చెప్పాను, షాపు చెప్పాను. మీరు నా చేతికి కొన్నారా, ఫొటోకి కొన్నారా?”

మైకు ఎవరో ఆపేశారు. ఆవిడ ఆ తెల్లదాన్ని మళ్ళీ పెట్టెలో జాగ్రత్తగా సర్ది, అధ్యక్షులవారి గొంతు వినిపించిన దిక్కుకి చాచింది. ఎవరూ తీసుకోలేదు. చాలాసేపు అలాగే చాచి నిలబడింది. చివరికి బల్ల ఎక్కడుందో కాలితో తడుముకుని, దాని మీద పెట్టి, “ఎవరైనా మోచెయ్యి ఇవ్వండి” అంది. నేను వేదిక ఎక్కి ఇచ్చాను.

ఇంటికెళ్ళేదాకా వాళ్ళమ్మ ఏడుస్తూనే ఉంది. “తీసుకుంటే నీ సొమ్మేం పోయేదే? ఎవరికన్నా అమ్మి ఆ నల్లదే కొనుక్కునేవాళ్ళం కదే.”

“తీసుకుంటే వచ్చే ఏడు ఇంకో గుడ్డిదానికి కూడా ఇదే ఇస్తారమ్మా. బాగుందని చెప్పినట్టేగా నేను.”

ఆ మాట వాళ్ళమ్మకి అర్థం కాలేదు. ఊరికి అసలే కాలేదు. పొగరన్నారు. పెట్టినచెయ్యి కరిచిందన్నారు. గుడ్డిదానికి ఎంపికలేంటన్నారు, ఆ మాటన్నది నా జిరాక్సు మిషను ముందు నిలబడి, చదువుకున్నవాడే. పాస్టరుగారు ఆదివారం ప్రసంగంలో కృతజ్ఞత గురించి చెప్పారు, పేరు చెప్పకుండా. నేను అధ్యక్షులవారి ఇంటికెళ్ళి, దాన్ని మార్చి నల్లది ఇవ్వొచ్చు కదండీ, తక్కువలోనే వస్తుంది కూడా అన్నాను. “అది అవమానం చేసింది మమ్మల్ని కాదమ్మా, దాతృత్వాన్ని,” అన్నారాయన. కొన్నాళ్ళకి వాళ్ళ అబ్బాయి సెంటర్లో బండి మీద పోతుంటే చూశాను. చెవుల్లో తెల్ల తీగలు. దాతృత్వం ఎక్కడికి చేరిందో తెలిసింది.

పరీక్ష వారంలో సైకాలజీ క్యాసెట్టు మిషన్లో చుట్టుకుని తెగింది. ఒక బొట్టుబిళ్ళ క్యాసెట్టు. అతికించినా ఆ పాఠాలు ఉండలు చుట్టుకుపోయాయి. బూత్ తలుపేసి, కస్టమర్లను వెళ్ళగొట్టి, పుస్తకం మొదటినుంచి మళ్ళీ చదివాను. ఆవిడ గాజుకి చెవి ఆనించి కూర్చుంది. పూర్తవలేదు. ఉద్యోగం కొద్దిలో పోయింది. ఆ నల్లది ఉంటే వచ్చేదని ప్రమాణం చేయలేను. పుస్తకాలు చదివినదాన్ని, రుజువు లేని మాట అనను. కాని ఊళ్ళో ఒక్కరికైనా ఆ ప్రశ్న తట్టిందా అంటే తట్టలేదు. అది మాత్రం ప్రమాణం చేసి చెప్పగలను.

తర్వాత ఆవిడ వరండాలో ట్యూషన్లు పెట్టింది. లెక్కలు తప్ప అన్నీ చెప్పేది. చూసి రాస్తున్నవాణ్ణి పేజీ చప్పుడుతో పట్టేసేది. ట్యూషన్ల మీద కూడబెట్టుకుని, ఒక వేసవిలో మళ్ళీ నా మోచెయ్యి పట్టుకుని విజయవాడ బస్సెక్కింది. అదే షాపు. ఆ సేల్స్‌మనే, కాస్త లావయ్యాడు.

“ఆ నల్లది రావట్లేదు మేడం. కంపెనీయే ఆపేసింది. ఇప్పుడన్నీ ఇలాంటివే,” అని ఒకటి చేతిలో పెట్టాడు. నున్నటి పలక. బొటనవేలు ఒక చుట్టు తిరిగి ఆగిపోయింది.

అప్పుడు నవ్వింది. నేను చూసిన నవ్వు అదొక్కటే. “అధ్యక్షులవారే గెలిచారే,” అంది.

బస్సులో మైలవరం దాటాక మోకాలి మీద వేళ్ళు కదులుతున్నాయి. అయిదు బటన్లు. ఇంకా మరిచిపోలేదు.

ఈ వానాకాలం జ్వరంతో పోయింది. ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే. వాళ్ళమ్మ క్యాసెట్ల పెట్టె తెచ్చి నాకిచ్చింది. బొట్టుబిళ్ళలు కొన్ని రాలిపోయాయి. అన్నీ వేసి విన్నాను. అన్నిట్లోనూ నా గొంతే. “ఆగు అక్కా, కస్టమరొచ్చాడు” అనే నా మాట కూడా ఉంది. ఆవిడ గొంతు ఒక్కదాన్లోనూ లేదు.

నిన్న అధ్యక్షులవారు సంతాపసభ కరపత్రం జిరాక్సుకి వచ్చారు. ఎస్టీడీ ఎప్పుడో పోయింది, గాజు గదిలో ఇప్పుడు కాగితాల కట్టలుంటాయి. దానికి ఆనుకుని నిలబడి, “నువ్వు దగ్గరదానివి కదమ్మా. సభలో రెండు మంచి ముక్కలు చెప్పు,” అన్నారు.

“మీరిచ్చింది తిరిగిచ్చేసిందండీ ఆవిడ. వేదిక మీద తీసిన ఆ ఫొటో ఎలా వేశారు?”

“పోయినవాళ్ళ గురించి అవన్నీ ఇప్పుడెందుకమ్మా? ఫొటో ఎంత బాగా వచ్చిందో చూశావా? నవ్వుతూ, దాన్ని ఎంత ముద్దుగా నిమురుతోందో.”

కరపత్రాలు నేను తీయలేదు. మిషను పాడైందని చెప్పలేదు కూడా. తీయనన్నాను. ఆయన పక్క షాపుకి వెళ్ళారు.

సాయంత్రం మళ్ళీ సెంటర్‌కి వెళ్ళి ఫ్లెక్సీ కింద నిలబడ్డాను. షేరాటోలవాళ్ళు విస్సన్నపేట, విస్సన్నపేట అని అరుస్తున్నారు. గాలికి ఫ్లెక్సీ ఉబ్బుతోంది. నోరు కొంచెం తెరిచి ఉంది, పళ్ళు కనపడుతున్నాయి, నవ్వే అనుకోవచ్చు. కాని ఆ నోట్లో ఉన్న మాట నేను విన్నాను. తెల్ల పలక మీద బొటనవేలు కొద్దిగా వంగి, ఒక అంచు దగ్గర ఆగి ఉంది. నిమరడం లేదు. వెతుకుతోంది.